ఒక్క గుండుతో జింక వేట: ఇన్‌లైన్ మజిల్‌లోడర్ మొదలుపెట్టడం ఎలా?

అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో వేట మీద ఆసక్తి కలిగినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న "ఏ రైఫిల్ కొనాలి?" అని. తొలి తుపాకీగా నేను ఇన్‌లైన్ మజిల్‌లోడర్‌నే, అంటే గొట్టం మూతిలోంచి మందు, గుండు దట్టించే తుపాకీనే సూచిస్తాను. ధర అందుబాటులో ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో దీనికంటూ విడిగా సీజన్ ఉంటుంది, ఆ రోజుల్లో అడవిలో జనం కూడా తక్కువ. వర్జీనియానే తీసుకోండి. అక్కడ మామూలు రైఫిల్ సీజన్ నవంబర్ మధ్యలో తెరుచుకుంటే, మజిల్‌లోడర్ వాళ్లకు నవంబర్ మొదట్లోనే తెరుచుకుంటుంది. మగ జింకలు ఆడవాటి వెంటపడి పట్టపగలు కూడా తిరిగే కాలం అది. ఇంకో కారణం కూడా ఉంది. చేతిలో ఉండేది ఒక్క గుండే. అది వదిలేస్తే మళ్లీ మందు దట్టించడానికి నిమిషం దాకా పడుతుంది. అందుకే దీనితో మొదలుపెట్టినవాళ్లకు తొందరపడి కాల్చే అలవాటు రాదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇదంతా అమెరికాలో, లైసెన్సు తీసుకుని, సీజన్‌లో చేసే వేట గురించే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. ఏజెన్సీ ఊళ్లలో నాటు తుపాకీ గురించి విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించకపోవచ్చు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించడం అక్కడా ఇక్కడా ఒకటే. కానీ అక్కడ లైసెన్సు లేకుండా అలాంటి తుపాకీ దగ్గర పెట్టుకున్నా కేసే. అమెరికాలో మాత్రం తెల్లతోక జింకలు చాలా రాష్ట్రాల్లో అవసరానికి మించి పెరిగాయి. ఏ జిల్లాలో ఎన్ని కొట్టవచ్చో లెక్కగట్టి చెప్పేది వన్యప్రాణి శాఖే. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, గుండ్ల మీద వసూలయ్యే పన్ను కూడా వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది.

ఇన్‌లైన్ అంటే ఏమిటి?

పాతకాలపు మజిల్‌లోడర్‌లో నిప్పు పుట్టేది గొట్టానికి పక్కన. అక్కడి నుంచి మలుపు తిరిగి లోపలి మందును చేరాలి. తేమగా ఉన్న రోజున ఆ నిప్పు దారిలోనే ఆరిపోయేది. ఇన్‌లైన్‌లో ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ) సరిగ్గా మందు వెనకాలే, గొట్టానికి సూటిగా ఉంటుంది. నిప్పు నేరుగా మందులోకి దూసుకెళ్తుంది. 1985లో మిస్సోరీకి చెందిన టోనీ నైట్ ఎంకే-85 తుపాకీ తెచ్చిన తర్వాత ఈ రకం వేటగాళ్లలో బాగా పాకింది. ఇప్పుడు వచ్చేవన్నీ దాదాపుగా మధ్యలో విరిచి తెరిచే బ్రేక్ యాక్షన్ తుపాకులే. వెనక వైపు తెరిస్తే ప్రైమర్ పెట్టే చోటు, దాన్ని పట్టుకుని ఉండే బ్రీచ్ ప్లగ్ కనిపిస్తాయి. ఆ ప్లగ్‌ను మర తిప్పి బయటికి తీయవచ్చు. కడగడంలో, మందు బయటికి తీయడంలో సగం తలనొప్పి అక్కడే తగ్గిపోతుంది.

తుపాకీ కంటే ముందు కాగితాలు

మొదట హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయండి. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ తొలిసారి లైసెన్సు తీసుకునేవాళ్లకు ఇది తప్పనిసరి. వయసును బట్టి మినహాయింపులు ఉంటాయి. ఉదాహరణకు టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లంతా చేయాలి. ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. అయినా వీలుంటే మైదానంలో నేర్పే క్లాసుకే వెళ్లండి. తుపాకీ పట్టుకుని కంచె ఎలా దాటాలో స్క్రీన్ మీద చూడటం ఒకటి, చేయడం ఒకటి.

తర్వాత లైసెన్సు, కొట్టిన జింకకు కట్టే ట్యాగులు. కొన్ని చోట్ల మజిల్‌లోడర్‌కు అదనంగా ఇంకో లైసెన్సు కావాలి. వర్జీనియాలో నేషనల్ ఫారెస్ట్‌లో వేటాడాలంటే దానికీ విడిగా పర్మిట్ ఉంటుంది.

వీసా మీద ఉన్నవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్సు ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. ఫెడరల్ చట్టం చాలా మజిల్‌లోడర్లను అసలు 'ఫైర్‌ఆర్మ్' లెక్కలోకే తీసుకోదు, అందుకే కొన్ని రాష్ట్రాల్లో ఇవి నేరుగా ఇంటికే పార్సిల్ వస్తాయి. అది చూసి ధీమా పడొద్దు. న్యూజెర్సీ లాంటి రాష్ట్రం దీన్ని కూడా తుపాకీగానే చూస్తుంది, కొనాలంటే అక్కడి ఐడీ కార్డు కావాలి. బ్యారెల్ మార్చి మామూలు రైఫిల్‌గా వాడుకునే వీలున్న థాంప్సన్ సెంటర్ ఎన్‌కోర్ లాంటి మోడళ్లను ఫెడరల్ చట్టం కూడా తుపాకీగానే పరిగణిస్తుంది. తుపాకీ కేసు ఇమిగ్రేషన్ స్టేటస్‌కే ఎసరు తేగలదు. కాబట్టి తాత్కాలిక వీసా మీద ఉంటే కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి అడగండి. ఆ ఫీజు వృథా కాదు.

ఏ తుపాకీని ఏ సీజన్‌లో అనుమతిస్తారన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోప్ (గురి చూసే దూరదర్శిని), సాబో (గుండును పట్టి ఉంచే ప్లాస్టిక్ కప్పు), పెల్లెట్ మందు (బిళ్లలుగా వచ్చే మందు) మూడూ నిషిద్ధం. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే సీజన్ చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాక్‌లకే. మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా వేసే నిబంధనల పుస్తకం డౌన్‌లోడ్ చేసుకుని, మజిల్‌లోడర్ పేజీ పూర్తిగా చదివాకే డబ్బు ఖర్చు పెట్టండి.

ఏం కొనాలి?

50 క్యాలిబర్ తీసుకోండి. అంటే గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం. మందు, గుండ్లు, సామాన్లు ఏ షాపులోనైనా దొరికేది ఈ సైజుకే. సీవీఏ, ట్రెడిషన్స్ కంపెనీల ప్రారంభ స్థాయి మోడళ్లు జింకకు సరిపోతాయి. కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. బ్రీచ్ ప్లగ్ చేత్తోనే తిరిగి వస్తుందా, దానికి రెంచి కావాలా? భుజానికి ఆన్చి పెట్టుకుంటే కన్ను సహజంగా స్కోప్ ముందుకు వస్తుందా? ఇవి బాగుంటే రంగు, కామోఫ్లాజ్ డిజైన్ల గురించి ఆలోచించాల్సిన పని లేదు. మిగిల్చిన డబ్బు మందు, గుండ్ల మీద పెట్టి, కాల్చి సాధన చేసే రేంజ్‌కు వెళ్లండి.

తుపాకీతో పాటు ఇవి కావాలి: 209 ప్రైమర్లు, మందు, గుండ్లు, మందు కొలిచే కొలత గొట్టం, గుండును మూతిలోకి దించే షార్ట్ స్టార్టర్, గొట్టం తుడిచే గుడ్డ ప్యాచీలు, బ్రీచ్ ప్లగ్ మరలకు పూసే గ్రీజు, కళ్లజోడు, చెవులకు రక్షణ. ముందే మందు, గుండు నింపి జేబులో పెట్టుకునే ప్లాస్టిక్ గొట్టాలు, అంటే స్పీడ్ లోడర్లు, రెండు మూడు కొనుక్కోండి. రెండో గుండు అవసరమైనప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

మందు విషయంలో రాజీ లేదు

మజిల్‌లోడర్‌లో వేసేది బ్లాక్ పౌడర్, లేదా దానికి బదులుగా తయారైన పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 లాంటివి. మామూలు తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు. గొట్టం పగిలి చేతులు, కళ్లు పోతాయి. స్మోక్‌లెస్ కోసమే తయారుచేసిన తుపాకులు కొన్ని ఉన్నాయి గానీ, మీ తుపాకీ మాన్యువల్‌లో ఆ మాట స్పష్టంగా రాసి లేకపోతే అది మీది కాదు. డబ్బా మీద పేరు చదవకుండా, ఎవరో సీసాలో పోసి ఇచ్చిన మందును కూడా ముట్టుకోవద్దు.

మొదటి ఏడాదికి పెల్లెట్లు సులువు. ఒక్కో పెల్లెట్ సాధారణంగా 50 గ్రెయిన్ల మందుకు సమానం (మందును, గుండును లెక్కగట్టే కొలత గ్రెయిన్). రెండు వేస్తే 100. దానితో 250 గ్రెయిన్ల బరువున్న గుండు సెకనుకు సుమారు 1,800 అడుగుల వేగంతో వెళ్తుంది. జింకకు అది ధారాళంగా సరిపోతుంది. మూడు పెల్లెట్లు వేసి 150 గ్రెయిన్లు కాల్చవచ్చని కొన్ని తుపాకుల మీద రాసి ఉంటుంది. భుజానికి దెబ్బ, గొట్టంలో మసి పెరుగుతాయే తప్ప కొత్తవాళ్లకు ఒరిగేదేమీ లేదు. పైరోడెక్స్ పెల్లెట్‌కు ఒక చివర నల్లగా ఉంటుంది. తేలిగ్గా అంటుకునే భాగం అది, కాబట్టి అది ప్రైమర్ వైపుకే ఉండాలి.

పొడి మందు వాడేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మందు విషయంలో గ్రెయిన్ అంటే బరువు కాదు, బ్లాక్ పౌడర్ లెక్కన ఎంత చోటు పడుతుందో చెప్పే కొలత. 100 గ్రెయిన్ల కొలతకు బ్లాక్‌హార్న్ పోసి కాటాలో పెడితే బరువు 70 గ్రెయిన్ల దగ్గరే తూగుతుంది. అది తెలియక కాటా మీద 100 తూచి పోస్తే పరిమితి దాటిపోయినట్టే. ట్రిపుల్ సెవెన్ అదే కొలతకు బ్లాక్ పౌడర్ కంటే దాదాపు 15 శాతం ఘాటుగా ఉంటుంది. ఎప్పుడైనా మందును ముందు కొలత గొట్టంలో పోసుకుని, అందులోంచే బ్యారెల్‌లో పోయాలి. డబ్బా నుంచి నేరుగా పోయకూడదు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే అంటుకునేది చేతిలోని డబ్బా.

ఇంకొకటి: మందు, ప్రైమర్లు విమానంలో తీసుకెళ్లడానికి వీల్లేదు. చేతి సంచిలోనూ కుదరదు, చెక్-ఇన్ సామానులోనూ కుదరదు. వేరే రాష్ట్రానికి విమానంలో వెళ్లి వేటాడేవాళ్లు అక్కడే కొనుక్కోవాలి.

గుండు

ఎక్కువమంది వాడేది సాబో రకం. ప్లాస్టిక్ కప్పులో 45 క్యాలిబర్ గుండు కూర్చుని ఉంటుంది. గొట్టం లోపలి మెలికల గాడిని పట్టుకునేది ఆ ప్లాస్టిక్కే, బయటికి రాగానే ఊడిపోతుంది. 240 నుంచి 300 గ్రెయిన్ల మధ్య ఏదైనా తీసుకోవచ్చు. కొన్ని బ్రాండ్లు కొన్ని గొట్టాలకు మరీ బిగుతుగా, కొన్నిటికి మరీ వదులుగా ఉంటాయి. రెండు రకాల పాకెట్లు తెచ్చుకుని రేంజ్‌లో చూడండి. దించేటప్పుడు గట్టిగా, అయినా నిలకడగా జారాలి. రామ్‌రాడ్ (దట్టించే కడ్డీ) మీద వేలాడాల్సి వస్తే ఆ గుండు మీ గొట్టానికి కాదు. దానంతటదే జారిపోతుంటే అసలే కాదు.

దట్టించే పద్ధతి

మామూలు రైఫిల్‌లో తూటాను ఫ్యాక్టరీ తయారుచేస్తుంది. ఇక్కడ ప్రతి తూటా మీ చేతుల్లోనే తయారవుతుంది. ఒకసారి చేసినట్టే ప్రతిసారీ చేస్తే గుండు ఒకే చోట పడుతుంది. చేతి ఒత్తిడి మారినా, మందు మారినా, మసి మారినా గురి మారిపోతుంది.

ముందుగా తుపాకీ ఖాళీగా ఉందని రూఢి చేసుకోండి. ప్రైమర్ లేదని చూసి, రామ్‌రాడ్‌ను గొట్టంలోకి వదలండి. అడుగున లోహానికి తగిలి 'టంగు'మని మోగాలి. మూతి దగ్గర రాడ్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. ఇది ఖాళీ గీత. 'టంగు'మనకుండా మెత్తగా 'దబ్'మంటే లోపల ఏదో ఉంది. తీసేదాకా ముందుకు వెళ్లొద్దు.

తర్వాత గొట్టంలో నూనె లేకుండా పొడి ప్యాచీలతో తుడవండి. షాపు నుంచి వచ్చిన తుపాకీలోనూ, దాచి ఉంచిన తుపాకీలోనూ నూనె ఉంటుంది. అది మందును తడిపేస్తుంది. తుడిచాక రేంజ్‌లో మూతిని నేల మీదున్న ఎండుటాకు వైపు పెట్టి, ఉత్త ప్రైమర్ ఒకటి పేల్చండి. ఆకు ఎగిరితే దారి తెరిచి ఉన్నట్టు. ఎగరకపోతే బ్రీచ్ ప్లగ్ రంధ్రంలో నూనె గానీ మసి గానీ అడ్డం పడిందని అర్థం.

ఇప్పుడు కాల్చిన ప్రైమర్ తీసేసి, తుపాకీ మడమను నేల మీద ఆన్చి, మూతి మీ ముఖానికి దూరంగా ఉండేలా పట్టుకోండి. పెల్లెట్లు ఒకదాని తర్వాత ఒకటి వేయండి. సాబోను మూతిలో పెట్టి షార్ట్ స్టార్టర్ పొట్టి మొనతో ఒకసారి, పొడుగు మొనతో ఇంకోసారి దించండి. తర్వాత రామ్‌రాడ్. రాడ్‌ను అరచేతితో పైనుంచి మోదకండి. మూతికి జానెడు పైన పట్టుకుని, కొంచెం కొంచెంగా దించండి. చివరి నుంచి పట్టుకుని నెడితే రాడ్ వంగి విరుగుతుంది, విరిగిన ముక్క చేతిలో దిగుతుంది. అరచెయ్యి ఎప్పుడూ మూతికి సూటిగా రాకూడదు.

గుండు మందు మీద కూర్చోగానే రాడ్ ఆగిపోతుంది. అక్కడ గట్టిగా, కానీ పెల్లెట్లు నలిగిపోనంత ఒత్తిడితో ఒకసారి అదిమి, మూతి దగ్గర రెండో గీత పెట్టండి. ఇది నిండు గీత. రెండు గీతల మధ్య ఉన్నది మీ మందు, గుండు కలిపిన పొడవు. ఇక మీదట ఎప్పుడు దట్టించినా రాడ్ ఆ రెండో గీత దగ్గరే ఆగాలి. అంగుళం పైనే ఆగితే గుండు మందు మీద కూర్చోలేదని అర్థం. మందుకు, గుండుకు మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బిపోవచ్చు, పగలవచ్చు కూడా. రెండు గుండ్లు పడ్డా, మందు రెండుసార్లు వేసినా ఈ గీతే పట్టిస్తుంది. మజిల్‌లోడర్ ప్రమాదాల్లో పెద్దవాటిని ఆపే సాధనం మార్కర్ పెన్నే. టేపు చుట్టినా ఫరవాలేదు, కానీ గుండు రకం గానీ, రాడ్ చివరి మర ముక్క గానీ మారిస్తే గీత మళ్లీ పెట్టుకోవాలి.

రాడ్‌ను బయటికి తీసి దాని చోట పెట్టేశాకే, కాల్చే సమయం వచ్చినప్పుడే ప్రైమర్. ఎప్పుడూ అదే ఆఖరు.

గురి కుదర్చడం

బెంచి మీద ఇసుక సంచులపై ఆన్చి, ముందు 25 గజాల దగ్గర మొదలుపెట్టండి. చాలా స్కోపుల్లో ఒక్కో క్లిక్ 100 గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది. అంటే 25 గజాల దగ్గర ఒక అంగుళం జరగాలంటే 16 క్లిక్కులు తిప్పాలి. ఇది తెలియక నాలుగే తిప్పి 'స్కోప్ పనిచేయట్లేదు' అనుకునేవాళ్లు ఎక్కువ. 25 గజాల దగ్గర మధ్యకు తెచ్చుకుని 50కి, అక్కడి నుంచి 100కి వెళ్లండి.

ప్రతి గుండు తర్వాత గొట్టం తుడవండి. కొంచెం తడిపిన ప్యాచీ ఒకటి, రెండు వైపులా తిప్పి వాడి, ఆ వెంటే పొడిది. ట్రిపుల్ సెవెన్ కాల్చినప్పుడు గుండు కూర్చునే చోటికి కాస్త ముందు గట్టి మసి ఉంగరంలా పేరుకుంటుంది. తుడవకపోతే తర్వాతి గుండు అక్కడే ఇరుక్కుంటుంది. మీరేమో అడుగుకు చేరిందనుకుంటారు. గొట్టం వేడెక్కితే ప్లాస్టిక్ సాబో మెత్తబడి గురి చెదురుతుంది, కాబట్టి గుండుకూ గుండుకూ మధ్య చల్లారనివ్వండి. ఒక పూటలో పది పన్నెండు గుండ్లు శ్రద్ధగా కాలిస్తే చాలు.

మూడు గుండ్లూ 100 గజాల దగ్గర మూడు అంగుళాల లోపు పడుతుంటే అడవికి సిద్ధమైనట్టే. మొదటి ఏడాది 100 గజాలు దాటి కాల్చొద్దని నా సలహా. 100 దగ్గర సరిచేసిన గుండు 150 గజాలకు దాదాపు అర అడుగు కిందికి జారుతుంది, ఆ పైన ఇంకా వేగంగా. 200 గజాల కబుర్లు చెప్పేవాళ్లు ఉంటారు. ఎన్నో ఏళ్లు కాల్చినవాళ్లకు అది సాధ్యమే. గాయపడి పారిపోయిన జింక రెండు మూడు రోజులు బాధపడి చస్తుంది, ఆ బాధ్యత ట్రిగ్గర్ నొక్కినవాళ్లదే.

ట్రిగ్గర్ నొక్కితే పేలకపోతే, మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకుండా ఆగండి. మీ మాన్యువల్ ఇంకా ఎక్కువసేపు ఆగమంటే అంతసేపూ ఆగాలి. లోపల నిప్పు నెమ్మదిగా అంటుకుని ఆలస్యంగా పేలవచ్చు. ఆ తర్వాతే ప్రైమర్ మార్చి చూడండి. గొట్టంలోకి తొంగి చూడటం అనే మాటే ఉండకూడదు.

అడవిలో

నారింజ రంగు చొక్కా, టోపీ చట్టం ఎంత అడిగితే అంత వేసుకోండి, అడగకపోయినా వేసుకోండి. ఆ రంగు జింకకు మనకు కనిపించినంత కొట్టొచ్చినట్టు కనిపించదు. దానికి తెలిసేది వాసన. గాలి జింక వైపు నుంచి మీ వైపుకు వీచేలా మాటు వేయాలి. మన ఇళ్లలో దీనికి ఇంకో చిక్కు ఉంది. వంటగదికి దగ్గర్లో తగిలించిన జాకెట్‌కు తాలింపు వాసన పడుతుంది, ఇంగువ అయితే ఇక చెప్పనక్కర్లేదు. వేట బట్టలను వాసన లేని సబ్బుతో ఉతికి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో గరాజ్‌లో పెట్టుకోండి. అడవికి చేరాకే తొడుక్కోండి.

చెట్టు మీద మంచె ఎక్కితే, కింద పడకుండా ఒంటికి కట్టుకునే హార్నెస్ లేకుండా ఎక్కొద్దు. తుపాకీని భుజాన వేసుకుని ఎక్కకూడదు. ప్రైమర్ తీసేసి, మూతి కిందికి ఉండేలా తాడుకు కట్టి, మీరు పైన కూర్చుని హార్నెస్ తగిలించుకున్నాక లాక్కోవాలి.

తేమ మజిల్‌లోడర్‌కు బద్ధశత్రువు. మూతికి ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించండి. దాని మీదుగానే కాల్చవచ్చు, గుండు కంటే ముందు వచ్చే గాలే దాన్ని చించేస్తుంది. చలిలో తిరిగిన తుపాకీని వెచ్చటి ఇంట్లోకి తెస్తే గొట్టం లోపల నీటి చెమట పట్టి మందు తడుస్తుంది. రోజు ముగిసేటప్పుడు నేనైతే మందు లోపల ఉంచను. ప్రైమర్ తీసి, బ్రీచ్ ప్లగ్ విప్పి, మూతి వైపు నుంచి రాడ్‌తో నెడితే మందు, గుండు వెనక నుంచి బయటికి వచ్చేస్తాయి. కారులో ఎలా తీసుకెళ్లాలో రాష్ట్రం చెబుతుంది. చాలా చోట్ల ప్రైమర్ తీస్తే ఖాళీ తుపాకీ కిందే లెక్క, కొన్ని చోట్ల కాదు.

జింక పక్కకు తిరిగి నిలబడ్డప్పుడే కాల్చండి. ముందు కాలికి సరిగ్గా వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి. గుండె, ఊపిరితిత్తులు ఉండేది అక్కడే. ఎదురుగా నిలబడితే, పరుగెత్తుతుంటే, వెనక ఇళ్లు గానీ రోడ్డు గానీ ఉంటే వదిలేయండి.

కాల్చగానే ముందు తెల్లటి పొగ కమ్మేస్తుంది. జింక ఎటు వెళ్లిందో కనిపించదు. అందుకే ట్రిగ్గర్ నొక్కకముందే అది నిలబడ్డ చోట ఒక గుర్తు చూసి పెట్టుకోవాలి, విరిగిన కొమ్మో, రాయో. పొగలోంచి చెవులు రిక్కించి వినండి. ఆకుల చప్పుడు ఎటు పోయిందో అదే మీ దారి. వెంటనే రెండో గుండు దట్టించండి. ఆ తర్వాత అరగంట కదలొద్దు. టెన్షన్‌లో పరుగెత్తి వెళ్తే పడుకున్న జింక లేచి మైళ్ల దూరం పోతుంది.

అరగంట తర్వాత గుర్తు పెట్టుకున్న చోట వెతకండి. నురుగుతో లేత ఎరుపు రక్తం ఉంటే ఊపిరితిత్తులకు తగిలింది, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపు అయితే కాలేయం, ఇంకో రెండు మూడు గంటలు ఆగాలి. పచ్చగా, దుర్వాసనతో ఉంటే పొట్టకు తగిలింది. ఆరేడు గంటలకు తక్కువ కాకుండా ఆగి, అనుభవం ఉన్నవాళ్లను తోడు తీసుకుని వెళ్లండి. వెతకడం మానేయడం మాత్రం వేటగాడి పని కాదు.

జింక దొరికాక తుపాకీలోంచి ప్రైమర్ తీసి, చట్టం చెప్పినట్టు ట్యాగ్ కట్టి, శాఖకు తెలియజేయండి. గ్లవ్స్ వేసుకుని లోపలి భాగాలు తీసి, మాంసం వీలైనంత త్వరగా చల్లబడేలా చూడండి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకలను చిక్కి శల్యం చేసి చంపే అంటువ్యాధి) ఉన్న జిల్లా అయితే శాఖ ద్వారా పరీక్ష చేయించి, రిపోర్టు వచ్చాకే వండుకోవడం మంచిది. వ్యాధి ఉందని తేలిన జింక మాంసం తినొద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అడవి జింక మాంసం అమ్మడం చట్టవిరుద్ధం, స్నేహితులకు పంచవచ్చు. కొవ్వు తక్కువ కాబట్టి మేక మాంసంలా గంటల తరబడి ఉడికిస్తే గట్టిపడే ముక్కలూ ఉంటాయి. వెన్ను ముక్కను మిరియాల కారంతో కాసేపే వేయించి చూడండి.

కడగడం

ఎంత అలసిపోయినా ఆ రాత్రే. పైరోడెక్స్ మసి గాలిలోని తేమను పీల్చి ఒక్క రాత్రిలో తుప్పు పుట్టిస్తుంది. ముందు తుపాకీ ఖాళీగా ఉందని మళ్లీ రూఢి చేసుకుని, బ్రీచ్ ప్లగ్ విప్పండి. పైరోడెక్స్‌కు, ట్రిపుల్ సెవెన్‌కు వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు చాలు. బ్లాక్‌హార్న్‌కు నీళ్లు పనికిరావు, స్మోక్‌లెస్ తుపాకులకు వాడే సాల్వెంట్ కావాలి. ప్యాచీ నల్లగా, తర్వాత బూడిద రంగులో, చివరకు తెల్లగా వచ్చేదాకా నడపండి. బ్రీచ్ ప్లగ్ మధ్య రంధ్రాన్ని సన్నటి పిక్‌తో శుభ్రం చేసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. గుండ్రటి చుక్కలా వెలుగు కనిపించాలి. మరలకు గ్రీజు దండిగా పూసి బిగించండి. గ్రీజు లేకుండా బిగించిన ప్లగ్ సీజన్ చివరికి రెంచికి కూడా లొంగదు.

గొట్టం పూర్తిగా ఆరాక పలచగా నూనె పూసి, పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టండి. మందు దాని అసలు డబ్బాలోనే, వేడికి దూరంగా, ప్రైమర్లు వేరే చోట ఉండాలి. వారం తర్వాత తెల్లటి ప్యాచీ ఒకటి మళ్లీ నడపండి. గోధుమ రంగు అంటితే తుప్పు మొదలైంది, కడగడం మళ్లీ మొదటి నుంచి చేయాలి.